ఉప్పుగాలిలో డిస్ట్రిబ్యూషన్ బాక్సులు: రొయ్యల గుంటల గట్టుపై దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు తీరానికి దగ్గరగా ఉన్న మా రొయ్యల గుంటల గట్లపై 2016 నుంచి మూడు రకాల డిస్ట్రిబ్యూషన్ బాక్సులను (మోటార్లకు కరెంటు పంచే స్విచ్చుల పెట్టెలను) వాడి చూశాము. అంతకుముందు గుంటలు కౌలుకు చేసినవారు వదిలి వెళ్లిన పౌడర్ కోటింగ్ ఇనుప రేకు బాక్సులు కొన్ని, మేము పెట్టించిన 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బాక్సులు కొన్ని, తర్వాత తెప్పించిన పాలికార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) బాక్సులు కొన్ని వాటిలో ఉన్నాయి. ప్రతి బాక్సు నుంచి, గుంట నీటిలో గాలి కలిపే 2 హెచ్‌పీ మోటారు ఏరియేటర్లకు త్రీఫేజు లైను వెళుతుంది. ఉప్పుగాలి, ఎండ, ఈశాన్య రుతుపవనాల వాన, చెమ్మగట్టు మీద తడికాళ్లతో తిరిగే మనుషులు అన్నీ ఒక్కచోటే ఉన్న ఈ పరిస్థితిలో ఏ బాక్సు ఎంత నిలిచిందో, దానిని ఎలా బిగిస్తే మనుషులకు రక్షణో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా బాక్సు సంగతి. ఇనుప రేకు బాక్సు తీరప్రాంతానికి పనికిరాదని నేను నిస్సంకోచంగా చెప్పగలను. తుప్పు ఎప్పుడూ నున్నటి పలక మధ్యలో మొదలు కాదు. కేబుల్ కోసం రంధ్రం చేసిన అంచు దగ్గర, మడతబందుల దగ్గర, తలుపు కింది మడతలో నీరు నిలిచే చోట మొదలవుతుంది. అక్కడ రంగు పొర బుడగలా లేచి, వేలితో నొక్కితే పెచ్చుగా ఊడి వస్తుంది, దాని కింద రేకు అప్పటికే పొడిగా మారి ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బాక్సులకు గోధుమరంగు మచ్చలు పడ్డాయి కానీ రేకు దెబ్బతినలేదు. మంచినీటితో అప్పుడప్పుడు కడిగి తుడిచిన వాటికి ఆ మచ్చలు కూడా తక్కువ. సముద్రపు గాలికి మాలిబ్డినం కలిసిన 316 రకం ఇంకా మేలు, ధర మాత్రం బాగా ఎక్కువ. కొనేవారు గమనించవలసింది మరొకటి ఉంది: బాక్సు స్టెయిన్‌లెస్ అయినా దానికి బిగించిన తాళపు కొక్కెం, మరలు మామూలు ఇనుమువి అయితే అవే ముందు పోతాయి, ఆ తర్వాత తలుపు సరిగ్గా మూసుకోదు.

మూడింటిలోనూ మాకు ఎక్కువ సంతృప్తినిచ్చినవి పాలికార్బొనేట్ బాక్సులే. వాటికి తుప్పు ప్రశ్నే లేదు. పైగా బాక్సు శరీరమే కరెంటు ప్రవహించని పదార్థం కనుక, లోపల తీగ ఊడి గోడకు తగిలినా బయట తాకిన మనిషికి షాక్ కొట్టదు. లోపాలూ ఉన్నాయి. నిరంతరం ఎండలో ఉన్న మూతలు తెల్లబారి పెళుసుబారాయి, మూత మరలను బలంగా బిగిస్తే చెవులు చిట్లుతున్నాయి. అందువల్ల ప్రతి బాక్సు పైన, వాలుగా, బాక్సుకు జానెడు ఎడంగా చిన్న రేకు చూరు వేయించాము. దానివల్ల ఇంకొక లాభం కూడా కలిగింది. ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే పడిపోయి లైను తెంపే స్విచ్చులైన ఎంసీబీల రేటింగును ఐఈసీ 60898 ప్రమాణం 30 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వద్ద లెక్కిస్తుంది. నెల్లూరు వేసవిలో బయటే 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి, ఎండ నేరుగా పడే మూసిన బాక్సు లోపల అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. అలాంటప్పుడు మోటారులో ఏ లోపమూ లేకుండానే మధ్యాహ్నం వేళ ఎంసీబీ పడిపోతుంది. చూరు వేసిన తర్వాత ఆ బాధ దాదాపుగా తగ్గింది.

బాక్సు మీద ఐపీ 65 అని రాసి ఉంటే చాలామంది అంతటితో తృప్తిపడతారు. మొదటి అంకె 6 అంటే దుమ్ము లోపలికి చొరబడదని, రెండో అంకె 5 అంటే ఏ దిక్కు నుంచి నీటిధార పడినా హాని జరగదని అర్థం. ఆ హామీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బాక్సుకు మాత్రమే వర్తిస్తుంది. పనివాడు డ్రిల్లు పట్టుకుని రంధ్రం చేసిన క్షణం నుంచి ఆ రంధ్రాన్ని ఎలా మూశారన్నదే అసలు రేటింగు. కేబుల్ చుట్టూ బిగుసుకుని నీరు రాకుండా ఆపే గ్లాండును దాని మందానికి సరిపోయేలా బిగించకుండా, పెద్ద రంధ్రంలో నుంచి నాలుగు కేబుళ్లు కలిపి దూర్చి చుట్టూ ఎం-సీల్ పూసిన బాక్సులు మా ప్రాంతంలో అడుగడుగునా కనిపిస్తాయి. ఎండకు ఆ ముద్ద పగుళ్లిచ్చి, అందులోంచి మొదట చీమలు, వాటి కోసం బల్లులు లోపల చేరతాయి. రెండు ఫేజుల టెర్మినళ్ల మధ్య బల్లి పడి నల్లగా మాడి అతుక్కుని ఉండటం మా రేకు బాక్సులలో చూశాను. ఆ చోట బస్‌బార్ (లోపల కరెంటు పంచే లోహపు పట్టీ) రాగి కరిగి గుంట పడింది. అందుకని మేము పాటించే పద్ధతి ఇది: కేబుళ్లన్నీ బాక్సు అడుగు నుంచే లోపలికి వెళ్లాలి, పై నుంచి ఒక్కటి కూడా రాకూడదు. ప్రతి కేబుల్‌కు దాని గ్లాండు విడిగా ఉండాలి. గ్లాండులోకి ఎక్కే ముందు కేబుల్ ఒకసారి కిందికి వంగి పైకి లేవాలి, అప్పుడు తీగ వెంట జారిన వాననీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. వాడని రంధ్రానికి బిరడా తప్పనిసరి.

ఇంత గట్టిగా మూసినా బాక్సులో చెమ్మ చేరుతుందని వాడకంలోనే తెలిసింది. పగటి ఎండకు లోపలి గాలి వ్యాకోచించి బయటకు వెళుతుంది, రాత్రి చల్లబడినప్పుడు బయటి ఉప్పుచెమ్మ గాలిని లోపలికి లాక్కుంటుంది. చలికాలపు ఉదయం మూత విప్పితే దాని లోపలివైపు చెమటలా సన్నని నీటి బిందువులు వరుసగా కనిపిస్తాయి. అవి జారి నేరుగా ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే లైను తెంపే స్విచ్చు) మీద పడతాయి. బాక్సు అడుగున, గాలిని వదులుతూ నీటిని బయటకు పంపే చిన్న బ్రీదర్ ప్లగ్ బిగిస్తే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. దాని విలువ తెలిసిన దుకాణదారులు తక్కువ కాబట్టి అడిగి మరీ తెప్పించుకోవాలి.

ఇక అసలు విషయం బాక్సు లోపల ఉంది. ఎర్తు గట్టిగా ఉంటే చాలు, ఆర్‌సీసీబీ ఎందుకని అడిగే రైతులు మా చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. వారికి నేను ఒక లెక్క చెబుతాను. మోటారు లోపల ఒక ఫేజు చట్రానికి తగిలిందనుకుందాం. ఫేజుకు, భూమికి మధ్య 230 వోల్టులు ఉంటాయి. ఎర్తు దారి నిరోధం మొత్తం 10 ఓములు అయితే భూమిలోకి 23 ఆంపియర్లు పారతాయి. 10 ఆంపియర్ల సి రకం ఎంసీబీ తక్షణం పడాలంటే దాని రేటింగుకు ఐదు నుంచి పది రెట్లు, అంటే 50 నుంచి 100 ఆంపియర్లు కావాలి. 23 ఆంపియర్లకు అది వేడెక్కి, ఎప్పటికో పడుతుంది. ఆలోగా ఏరియేటరు చట్రం మీద కరెంటు అలాగే ఉంటుంది, తడిసిన మనిషి దానిని పట్టుకుంటే ప్రాణం పోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే అంత లీకేజీకి రెప్పపాటులో లైను తెంపుతుంది. ఎర్తు అవసరం లేదని దీని అర్థం కాదు. ఎర్తు ఉంటేనే మనిషి తాకకముందే లీకేజీకి దారి దొరికి ఆర్‌సీసీబీ పడుతుంది. తీరంలో నేల ఉప్పుది కావడంతో నిరోధం తక్కువగా వస్తుంది, కానీ అదే ఉప్పు ఎర్తుగా పాతిన జీఐ (జింకు పూత ఇనుప) పైపును తినేస్తుంది కనుక ప్రతి పంటకు ముందు ఎర్తును కొలిపించడం అవసరం.

ఇంత తెలిసినా గట్టు మీద ఆర్‌సీసీబీలకు జంపరు తీగ వేసి, అంటే వాటిని తప్పించి నేరుగా లైను కలిపి, ఎందుకు నడుపుతున్నారు? రాత్రి భయం వల్ల. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే వనామీ రకం రొయ్యల పంట మొత్తం తేలిపోతుంది. వానలో పదేపదే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీని రైతు శత్రువుగా చూడటంలో ఆశ్చర్యం లేదు. కానీ తప్పు పరికరానిది కాదు, దానిని పెట్టిన తీరుది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15కు, 30కి మధ్య ఎక్కడైనా పడవచ్చు. నీటి మీద పనిచేసే ఒక్కొక్క మోటారుకు, దాని కేబుల్‌కు రెండేసి మిల్లీ ఆంపియర్ల సహజ లీకేజీ ఉన్నా, పది ఏరియేటర్లకు కలిపి ఒకే ఆర్‌సీసీబీ పెడితే అది 20 దగ్గర నిలబడి ఏ చిన్న చెమ్మకైనా పడిపోతుంది. మేము ప్రతి రెండు ఏరియేటర్లకు విడిగా ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించి, మెయిన్‌లో కొంత ఆలస్యంగా పనిచేసే 300 మిల్లీ ఆంపియర్ల ఎస్ రకం పెట్టించాము. ఇప్పుడు ఒక మోటారులో నీరు దిగితే ఆ జత మాత్రమే ఆగుతుంది, మిగిలినవి తిరుగుతూనే ఉంటాయి, కాపలా మనిషికి జంపరు వెతికే అవసరం రాదు. ఖర్చు పెరిగిన మాట నిజమే. అయినా మా బాక్సులలో నేను అన్నిటికన్నా ముందుగా సిఫారసు చేసేది ఈ విభజననే, బాక్సు రకం దాని తర్వాతే.

త్రీఫేజు మోటార్లకు న్యూట్రల్ అక్కర్లేదు కనుక కొందరు పనివారు ఫోర్‌పోల్ (మూడు ఫేజులు, న్యూట్రల్ కలిపే) ఆర్‌సీసీబీకి న్యూట్రల్ తీగ ఇవ్వకుండా వదిలేస్తారు. చాలా ఆర్‌సీసీబీలలో టెస్టు బటన్ ఒక ఫేజు, న్యూట్రల్ మధ్యే పనిచేస్తుంది. న్యూట్రల్ లేకపోతే బటన్ నొక్కినా పడదు, పరికరం బాగుందో లేదో తెలియదు. ఇన్‌పుట్ వైపు న్యూట్రల్ ఇప్పించి నెలకొకసారి, పగటి పూట, ఏరియేటర్లు ఆపడానికి వీలున్న సమయంలో ఆ బటన్ నొక్కి చూడాలి.

టెర్మినళ్ల విషయంలో నాకు కఠినమైన అభిప్రాయం ఉంది. అల్యూమినియం తీగ కొసలను మెలితిప్పి నేరుగా మర కింద పెట్టడం నిప్పుతో చెలగాటం. మరలు సడలి, చోటు వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి, మూత తీయగానే కమురు వాసన వస్తుంది. తీగ కొసకు తగిన లగ్గు (లోహపు తొడుగు) నొక్కించి, పంటకు పంటకు మధ్య అర్హత గల ఎలక్ట్రీషియన్‌తో మరలన్నీ బిగింపించాలి. ఆ పనికి ముందు మెయిన్ ఆపి, తాళం వేసి, మూడు ఫేజులనూ మీటరుతో చూడాలి. స్క్రూడ్రైవరు టెస్టరు వెలగలేదని చెయ్యి పెట్టకూడదు.

2021 నవంబరులో పెన్నా వరద వచ్చిన తర్వాత బాక్సులన్నింటినీ గట్టు మీది సిమెంటు స్తంభాలకు, ఆనాడు నీరు చేరిన గుర్తుకు బాగా పైన, మనిషి ఛాతీ ఎత్తుకు తగ్గకుండా బిగించాము. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా తీరం వెంబడే గాలివాన అడ్డంగా కొట్టింది. లైను ముందే ఆపించాము. తర్వాత విప్పి చూస్తే గ్లాండులు సరిగ్గా ఉన్న పాలికార్బొనేట్ బాక్సుల లోపల పొడిగానే ఉంది; పాత రేకు బాక్సులలో నీరు నిలిచింది. ఆ రేకు బాక్సులను ఆ తర్వాతి పంటకు తీసివేయించాము.

ఒక్క అసౌకర్యం మాత్రం ఇప్పటికీ తీరలేదు. మూత చుట్టూ ఉండే రబ్బరు సీలు కొన్నేళ్లకు గట్టిపడి, నొక్కిన చోట తిరిగి ఉబ్బదు. అదే కొలత సీలు నెల్లూరు దుకాణాలలో విడిగా దొరకడం కష్టం, సిలికాన్ పూస్తే మూత మళ్లీ తెరుచుకోదు. కాబట్టి బాక్సు కొన్నప్పుడే అదనపు సీళ్లు, నాలుగు అదనపు గ్లాండులు, వాటి బిరడాలు కూడా అదే బిల్లులో రాయించుకోవాలి.