ఏడేళ్ల వాడకం తరువాత: వర్సా ఇంజను, అల్యూమినియం ఒళ్లు ఉన్న నా రెండు సీట్ల కారు

హనుమకొండలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఉన్న ఈ కారుకు నంబరు ప్లేటు లేదు, రాదు కూడా. ఇంగ్లండులో కొలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ అనే తేలికపాటి రెండు సీట్ల కారు పద్ధతిలో, చదరపు ఇనుప పైపులను అల్లి చట్రం చేయించి, దాని మీద దీన్ని కట్టుకున్నాను. అక్కడ బిగించని భాగాలుగా కొంటే కొనుగోలు పన్ను తప్పేది కాబట్టి అలాంటి కార్లు ఇంటింటా పుట్టాయి. మన దగ్గర లెక్క తిరగబడింది. భాగాలు ఏ పాత సామాన్ల దుకాణంలోనైనా దొరుకుతాయి, కానీ వాహనం రూపం మార్చడాన్ని కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివిన తరువాత ఇలాంటి దాన్ని రోడ్డెక్కించాలన్న ఆశ వదులుకోవాల్సిందే. అందుకే ఇది మా బంధువుల మూతబడిన రైసుమిల్లు ఆవరణలో తిరుగుతుంది, రెండుసార్లు మాత్రం డీసీఎంలో ఎక్కి చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకుకు వెళ్లివచ్చింది.

మొదటి రెండేళ్లు ఇందులో పాత ప్రీమియర్ పద్మిని కారు ఇంజను ఉండేది. 1089 సీసీ, పోత ఇనుము బ్లాకు, కార్బురేటరు. నమ్మకమైనదే కానీ బరువుకు తగిన బలం దానికి లేదు. ఆ తరువాత తుక్కుకు వచ్చిన ఒక మారుతి వర్సా వ్యాను నుంచి 1298 సీసీ, పదహారు వాల్వుల ఇంజనును గేర్‌బాక్సుతో సహా తెచ్చాను. బ్లాకు కూడా అల్యూమినియమే కావడం, ఇంజను పొడవునా అమరి వెనుక చక్రాలను తిప్పే బండిది కావడం నా ఎంపికకు కారణాలు. ఎస్టీమ్ ఇంజను ఇంకా తక్కువకు దొరికేది, కానీ అది అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది కనుక దాని గేర్‌బాక్సు నాకు పనికిరాదు. ఇంజను మార్పిడి అంటే నిజానికి గేర్‌బాక్సు మార్పిడి, దాని తరువాత వైరింగు మార్పిడి. ఇంజనును నాలుగు మౌంటింగుల మీద కూర్చోబెట్టడం వీటన్నిటిలోకీ చిన్న పని.

వర్సాలో డ్రైవరు గేర్‌బాక్సుకు ముందు కూర్చుంటాడు, నా కారులో వెనుక కూర్చుంటాడు. గేరు రాడ్లను వెనక్కి తిప్పి బిగించిన మొదటి రోజు, ఒకటో గేరు అనుకొని వేస్తే రెండో గేరు పడింది. మధ్యలో ఒక పివట్ పెట్టి దిశ మార్చాల్సి వచ్చింది. వెనుక ఇరుసుకు పద్మిని హౌసింగునే ఉంచుకున్నందువల్ల, గేర్‌బాక్సు నుంచి ఇరుసును తిప్పే జాయింట్ రాడ్డు ఫ్లాంజి (బోల్టులతో బిగించే చివరి పళ్లెం) కలవలేదు. ఆటోనగర్‌లో లేత్ మీద కొత్తది చేయించి, రాడ్డును బ్యాలెన్సు చేయించాను. ఆ బ్యాలెన్సు చేయించక ముందు వేగం పెరిగినప్పుడు అద్దంలో వెనుక ఏమీ కనిపించేది కాదు, వణుకు తప్ప.

వర్సా ఆయిల్ చాంబరు చట్రం కంటే కిందికి వేలాడింది. దాన్ని నాలుగు సెంటీమీటర్లు కోసి అతికించాం. మిల్లు ఆవరణలో ఏమీ తెలియలేదు కానీ, ట్రాకు మీద పొడవాటి మలుపులో ఆయిలు లైటు మినుకుమంది, అంటే ఆయిలంతా ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తోందన్న మాట. వెంటనే బండిని పక్కకు ఆపడం వల్ల బేరింగులు బతికాయి. లోపల అడ్డుపలకలు అతికించిన తరువాత ఆ లైటు మళ్లీ వెలగలేదు.

కారు ఒంటి (బాడీ) విషయంలో నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. మొదట మొత్తం ఫైబరుతో, అంటే గాజు పోగుల మ్యాటు మీద రెజిను పూసి గట్టిపరిచే పద్ధతిలో, చేయించాను. చేసినవారు గుళ్లకూ కూడళ్లకూ విగ్రహాలు పోసేవారు. విగ్రహానికి మందం బలం, కారుకు భారం. రెండు పొరల మ్యాటు సరిపోయే చోట నాలుగు పొరలు వేసి, బ్రష్షుతో రెజిను ధారాళంగా పూశారు. పైగా అది మే నెల. పొద్దుటిపూట కొలిచిన పాళ్లలోనే మధ్యాహ్నమూ హార్డెనరు కలిపితే, మగ్గులో రెజిను బ్రష్షు ముంచేలోపే జున్నులా గడ్డకట్టి పొగలు కక్కింది. నల్ల రంగు బానెట్టు రెండో వేసవికే ఎండకూ సైలెన్సరు వేడికీ మెత్తబడి, నడుమ కుంగి, కింది మ్యాటు పోగులు చేతి గీతల్లా పైకి తేలాయి. మామూలు పాలిస్టరు రెజిను డెబ్బై డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుందన్న సంగతి నాకు పుస్తకం కంటే ముందు ఆ బానెట్టే చెప్పింది.

ఇప్పుడు చదునైన పక్కలు, బానెట్టు, వెనుక భాగం 1.2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. ముక్కు, మడ్‌గార్డులు మాత్రం ఫైబరు. చదరపు మీటరుకు ఆ రేకు దాదాపు 3.2 కిలోలు తూగుతుంది, సరిగా పోసిన మూడు మిల్లీమీటర్ల ఫైబరు నాలుగున్నర, మాకు దొరికిన ఆరు మిల్లీమీటర్ల ఫైబరు తొమ్మిది. మడ్‌గార్డులను ఫైబరులోనే ఉంచడానికి కారణం రాళ్లు. టైరు విసిరిన కంకరకు ఫైబరు నక్షత్రంలా చిట్లుతుంది, ఒక పూటలో అతుకు వేయవచ్చు. అల్యూమినియం సొట్ట పడితే, ఇనుప రేకుకు అలవాటైన టింకరింగు చేయి దాన్ని ఇంకా సాగదీసి, నొక్కితే డబడబలాడే డబ్బా రేకుగా మార్చేస్తుంది. కార్బన్ ఫైబరు గురించి చాలామంది అడిగారు. ఈ బండికి అది ఆడంబరమే అవుతుంది, పైగా అల్యూమినియానికి నేరుగా తగిలితే తేమలో దాన్ని తినేస్తుంది.

తినేయడమంటే గుర్తొచ్చింది. రేకును పైపులకు నేరుగా రివిట్లు కొట్టాను. రెండు వానకాలాల తరువాత రివిట్ల చుట్టూ తెల్లటి పొడి రాలింది. అన్నీ పీకి, పైపులకు ఎపాక్సీ ప్రైమరు పూసి, నడుమ రబ్బరులాంటి అంటు మందు పట్టించి మళ్లీ బిగించాను. నాలుగేళ్లుగా పొడి లేదు, చప్పుడూ తగ్గింది.

ఏనుమాముల వైపు ధర్మకాంటా మీద పది కిలోల చొప్పున మాత్రమే అంకె మారుతుంది. పద్మిని ఇంజను, మందపు ఫైబరు ఉన్నప్పుడు 680 చూపింది, ఇప్పుడు 610 చూపుతోంది. తగ్గిన డెబ్బైలో నలభై ఇంజను, గేర్‌బాక్సులది, మిగతాది ఒంటిది. కానీ నడిపేవాడికి ఎక్కువగా తెలిసేది రెండోదే, ఎందుకంటే ఆ బరువులో సగం బానెట్టు రూపంలో ముందు ఇరుసు మీద, ఎత్తున ఉండేది.

విడిభాగాలకు ఇప్పటివరకు ఇబ్బంది పడలేదు. ఇదే ఇంజను జిప్సీలో 2019 వరకు వచ్చింది కనుక గాస్కెట్లు, టైమింగు బెల్టు దొరుకుతున్నాయి. బెల్టును తిరిగిన దూరంతో పని లేకుండా మూడేళ్లకొకసారి మారుస్తున్నాను. ఇంకా తీరని లోపం ఒక్కటే. వైరింగులో ఎక్కడో ఎర్తు వదులుగా ఉండి, వాన పడిన మరునాడు సెల్ఫ్ కొడితే ఇంజను పట్టుకుని, మూడు సెకన్లకు ఆగిపోతుంది. రెండోసారి కొడితే నడుస్తుంది.