యూరియా కొనేవాళ్లూ, రశీదు చేతికి రాకుండా దుకాణం దిగకండి

ఆ దుకాణం ఏదో మన మండలంలో సగం మందికి తెలుసు, పేరు రాయను. అక్కడ నేను కొన్నది రెండు బస్తాలు. వేలిముద్ర అయ్యాక రశీదు అడిగితే "రోల్ అయిపోయింది, రేపు రా" అన్నాడు దుకాణదారు. కాసేపటికి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: ఆరు బస్తాలట! వెనక్కి వెళ్లి అడిగితే ఆ పెద్దమనిషి తలెత్తకుండానే అన్న మాట ఇది: "నువ్వు రెండిటికే కదా డబ్బులిచ్చావ్? మిగతా నాలుగు నీ జేబులోంచి పోయాయా?" క్యూలో ఉన్నవాళ్లంతా వింటుండగా. గుమాస్తా కిసుక్కున నవ్వాడు కూడా.

నిజమే మహానుభావా, మా జేబులోంచి పోలేదు. ఎక్కడి నుంచి పోయిందో చెప్తా. 45 కిలోల బస్తాకు మనం ఇచ్చేది 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. ఆ తేడాను కేంద్రం కంపెనీకి కడుతుంది, అదీ మన వేలిముద్ర తీసుకునే ఈపాస్ మిషన్‌లో అమ్మకం ఎక్కాకే. అంటే ఆ నాలుగు బస్తాలు లెక్కలో ఒక రైతు ఆధార్ మీద అమ్ముడుపోయాయి, సరుకు మాత్రం గోడౌన్‌లో భద్రంగా ఉంది. ఇక దాన్ని ఎవరికైనా, ఎంతకైనా అమ్ముకోవచ్చు. ప్లైవుడ్ జిగురుకూ యూరియానే కావాలి మరి. అవి బయటికి వెళ్లిపోయాక రేపు తనిఖీకి వచ్చినా మిషన్‌లో స్టాకూ గోడౌన్‌లో స్టాకూ సరిపోతాయి, మన వేలి పుణ్యమా అని.

పైగా జిల్లాలో ఎక్కువ బస్తాలు కొన్నవాళ్ల పేర్లు తీసి అధికారులు ఆరా తీస్తారు. రెండెకరాల రైతు పేరు ఆ జాబితాలో కనపడితే ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సింది రైతే, దుకాణదారు కాదు.

"వేలు పడలేదు, మళ్లీ పెట్టు" అంటే అక్కడే ఆగండి. మొదటిది నిజంగా ఫెయిలయిందో, బిల్లు అయిపోయిందో స్క్రీన్ మీద చూపించమనండి. బస్తాల సంఖ్య కొట్టేటప్పుడు మిషన్ మన వైపు తిప్పించుకోండి. మెసేజ్ రాకపోతే మన నంబరుకు బదులు ఇంకెవరిదైనా కొట్టారేమో అడగండి.

యూరియాతో పాటు జింకు ప్యాకెట్టో నానో యూరియా సీసానో అంటగడితే అదీ తప్పే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం ధరలూ స్టాకూ బోర్డు మీద రాయాలి, బిల్లు ఇవ్వాలి. రోల్ అయిపోవడం అందులో మినహాయింపు కాదు.

మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, దుకాణం పేరుతో మండల వ్యవసాయాధికారికి రాసివ్వండి, నకలు మీద సంతకం చేయించుకోండి. నోటిమాటగా చెప్తే వాళ్లూ మర్చిపోతారు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551.