వంటింటి గట్టుకు మార్బుల్ స్టిక్కర్ కొంటున్నారా? ఆగండి

వెనక జిగురున్న పీవీసీ రోల్, మీద తెల్ల మార్బుల్ డిజైన్, ప్యాకెట్ మీద "వాటర్‌ప్రూఫ్, ఆయిల్‌ప్రూఫ్, హీట్ రెసిస్టెంట్" అని మూడు ముద్రలు. పాత గ్రానైట్ గట్టు మీద అతికిస్తే చాలు, కొత్త కిచెన్ అయిపోతుందని వీడియోలో చూపిస్తారు. సొరుగుల్లో, అలమార అరల్లో వేసుకోవడానికి ఇది మంచి సరుకే. పొయ్యి, సింకు ఉన్న గట్టుకు మాత్రం కొనకండి. పైన పటారం, లోన లొటారం.

ముందు కొలత చూడండి. ఎక్కువగా దొరికే రోల్ వెడల్పు 60 సెం.మీ., పొడవు 200 సెం.మీ. మన గట్టు లోతు రెండడుగులు, అంటే 61 సెం.మీ. ముందంచు మందం మరో 2 సెం.మీ., అంచు కింద డబుల్ పట్టీ ఉంటే 4. అంటే గట్టు పైభాగానికే ఒక సెంటీమీటరు తక్కువ, అంచు మీదికి మడవడానికి అసలేమీ మిగలదు. అంచుకు వేరే ముక్క అతికించాల్సిందే. మన చేతులు, కొంగు, తడిగుడ్డ రోజంతా రాసుకునేది అక్కడే కాబట్టి మొదట లేచేదీ అదే. పది అడుగుల గట్టు పొడవు 305 సెం.మీ., కాబట్టి రెండు రోళ్లు పడతాయి, మధ్యలో ఇంకో అతుకు వస్తుంది. వాటర్‌ప్రూఫ్ అన్న మాట షీటు వరకే, అతుక్కి వర్తించదు. గిన్నెలు తోమిన నీళ్లు సింకు అంచున కిందికి దూరి, ఆరే దారి లేక అక్కడే ఉండిపోతాయి. ఎంత తుడిచినా పోని ముక్కిన వాసన, తెల్ల షీటు కింద నల్లగా పాకే బూజు, బొద్దింకలు అన్నీ అక్కడినుంచే.

ఇక వేడి. పీవీసీ సుమారు 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. విజిల్ వేస్తున్న కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా ఉంటుంది. దించి గట్టు మీద పెడితే గుండ్రంగా ముద్ర పడి, దాని చుట్టూ షీటు ముడతలు తేలుతుంది. ఆ ముడత మళ్లీ సాగదు. నూనె మూకుడు, పెనం అయితే షీటే అడుగుకు అంటుకుని లేచొస్తుంది. పొయ్యి కింద రోజూ తగిలే సెగకు జిగురు కరిగి అంచుల్లోంచి బంకలా కారుతుంది, దానికి పిండీ దుమ్మూ పట్టి నల్లటి గీత కడుతుంది. మంటే తగిలితే పీవీసీ నుంచి వచ్చేది ఘాటైన యాసిడ్ పొగ. "హీట్ రెసిస్టెంట్" అని రాసినవాళ్లు ఎన్ని డిగ్రీల వరకో రాశారా? లేకపోతే ఆ మాటకు విలువ లేదు.

కొందరు అమ్మేవాళ్లు ఇప్పుడు ఎపాక్సీ కిట్ చూపిస్తున్నారు, అంటే రెండు ద్రవాలు కలిపి గట్టు మీద పోస్తే గట్టిపడే రెసిన్ పూత. కిలో కిట్ గట్టుకంతా సరిపోతుందంటే నమ్మకండి. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. మందం రావాలంటే లీటరు రెసిన్ పడుతుంది. పది అడుగుల గట్టు 20 చదరపు అడుగులు, అంటే 1.86 చదరపు మీటర్లు. 2 మి.మీ. పూతకు దాదాపు 3.7 లీటర్లు కావాలి. పైగా ఏళ్ల తరబడి నూనె పీల్చిన రాయి మీద పూత పట్టదు, చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. మామూలు రకాలు వేడి గిన్నెకు మెత్తబడతాయి, ఎండ తగిలే కిటికీ పక్కన పసుపెక్కుతాయి.

నిజానికి చాలా గట్లకు ఇవేవీ అక్కర్లేదు. గ్రానైట్ అంత తేలిగ్గా అరగదు. మసకగా కనిపించేది బోరునీళ్ల ఉప్పు గార, సబ్బు, నూనె కలిసి కట్టిన పొర. ఆ బూడిద రంగు గీతలు కూడా చాలావరకు రాతిమీది గాట్లు కావు, స్టీలు, అల్యూమినియం గిన్నెలు వదిలిన లోహపు మరకలు.

ముందు మీది గ్రానైటా, కడప బండా తేల్చుకోండి. మూలన ఎవరికీ కనపడనిచోట నిమ్మరసం చుక్క వేసి ఐదు నిమిషాలు ఆగి తుడవండి. అక్కడ మెరుపు పోయి తెల్లబారితే అది కడప బండ, సున్నపురాయి జాతి. దానికి వెనిగర్, నిమ్మ, చింతపండు, బాత్‌రూమ్ యాసిడ్ ఏదీ తగలకూడదు. గ్రానైట్ అయితే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గార మీద పది నిమిషాలు గుడ్డ తడిపి వేయండి. తర్వాత కొత్త బ్లేడును వాలుగా పట్టి గీకి, గిన్నెల సబ్బుతో కడిగేయండి. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం గ్రానైట్ మీదా వద్దు, స్టీలు సింకుకు తుప్పు చుక్కలు పడతాయి. లేతరంగు రాయిలో నూనె మరకకు వంటసోడాను నీళ్లతో ముద్దచేసి అర సెంటీమీటరు మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి 24 గంటలు వదలండి. ఒక్కసారికి పోకపోతే రెండుమూడుసార్లు చేయాలి.

గట్టు పాతగా కనపడడానికి సగం కారణం సింకు చుట్టూ సందు మూయడానికి వేసిన సిలికాన్ జిగురు నల్లబడడం. దాన్ని బ్లేడుతో పూర్తిగా తీసి, ఒక రాత్రి ఆరనిచ్చి, ఆరేటప్పుడు వెనిగర్ వాసన రాని న్యూట్రల్ క్యూర్ రకం శానిటరీ సిలికాన్ వేయండి. ఒక ట్యూబు చాలు, 24 గంటలు నీళ్లు తగలనివ్వకండి. వెనిగర్ వాసన వచ్చే రకం చవక, కానీ కడప బండకు పడదు.

నిజంగానే మెరుపు పోయిన రాయికి పాలిష్ పట్టించాలి. ఇంటింటికీ వచ్చే పాలిష్ వాళ్లతో ఇక్కడ ఇంకో జాగ్రత్త. అసలు పాలిష్ అంటే నీళ్లు పోస్తూ డైమండ్ ప్యాడ్లు గరుకు నుంచి నునుపుకు 50, 100, 200, 400, 800, 1500, 3000 నంబర్ల వరుసలో మార్చుకుంటూ పోవడం. మరకలు పైపైనే ఉంటే 400 నుంచి మొదలుపెట్టినా సరిపోతుంది, కానీ మధ్యలో నంబరు ఎగ్గొడితే లైటు వెలుగులో చక్రాల్లా గీతలు కనిపిస్తాయి. పని మొదలవక ముందే ప్యాడ్లు చూపించమనండి. సంచిలో ఒక సీసా, ఒక ఉన్ని గుడ్డ మాత్రమే ఉంటే అతను వేసేది నల్ల మైనం. పని అయ్యాక డబ్బులిచ్చేముందు వేడి సబ్బునీళ్లలో ముంచిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దండి. గుడ్డ నల్లబడితే మీ మెరుపు వారం నిలవదు, పైగా ఆ నలుపు చపాతీ పిండికీ అంటుతుంది.

ఇప్పటికే స్టిక్కర్ వేసేశారా? హెయిర్ డ్రయ్యర్‌తో మూల వేడిచేసి నెమ్మదిగా, వాలుగా లాగండి. జిగురు మిగిలితే ప్లాస్టిక్ గీకుడుతో తీసి, పట్టువదలనిచోట అసిటోన్ కొద్దిగా దూదితో అద్దండి. అసిటోన్ ఇట్టే మంటందుకుంటుంది కాబట్టి సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచాకే ఇది చేయాలి. దూది నల్లబడితే అది జిగురు మురికే కావచ్చు, లేదా మీ రాయికి రంగు వేసి అమ్మి ఉండవచ్చు. జిగురు లేనిచోట ఇంకోసారి అద్ది చూస్తే తెలిసిపోతుంది.

రోల్ ఇంకా విప్పకుండా ఉంటే ముందు ప్యాకెట్ తెరిచే వీడియో తీసుకోండి. వెనక కాగితం మొత్తం ఊడదీశాక వాపసు తీసుకోవడానికి చాలామంది ఒప్పుకోరు. రాసిన కొలత, వేడి తట్టుకునే డిగ్రీలు, తయారీదారు చిరునామా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. చెప్పింది ఒకటి, వచ్చింది ఒకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు పనికొచ్చేవి అవే.