వేవ్‌మేకర్ తుప్పు పట్టింది: నీళ్లు మార్చడం మేలా, ఫిల్టర్ మీడియా వెయ్యడం మేలా?

తిరుపతిలో మెరైన్ ట్యాంకు, అంటే ఉప్పునీటి చేపల తొట్టి, పెట్టుకున్నవాళ్లకు ఎండాకాలమంతా నీళ్లు వేడెక్కుతాయన్న టెన్షనే. మొన్న వేసవిలో నా చూపంతా థర్మామీటర్ మీదే ఉంది. ఈలోగా మా మూడడుగుల ట్యాంకులో, అంటే సుమారు 190 లీటర్లలో, నత్తలు ఒక్కొక్కటే అద్దం వదిలేసి ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. మర్నాడు రొయ్య చచ్చింది. క్లౌన్ చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు మేతకు ఎగబడ్డాయి.

ఆ తేడానే పట్టుకోవాలి. ఆక్సిజన్ తగ్గితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అమ్మోనియా పెరిగినా వాటి అవస్థ కనిపిస్తుంది. ఉప్పు శాతం సరిగ్గానే ఉండి, చేపలు బాగుండి, నత్తలూ రొయ్యలే పోతుంటే లోహాన్ని అనుమానించాలి, ముఖ్యంగా రాగిని. రాగి చెంబులో నీళ్లు మనకు మంచివని మా అమ్మ రోజూ చెబుతుంది. రొయ్యకు మాత్రం అది విషం.

స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, అప్పుడు వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్లను అలల్లా కదిలించే చిన్న పంపు) బయటికి తీశాను. (పాడైన సామాను నీళ్లలో ఉండగా కరెంటు ఆపకుండా చెయ్యి పెట్టొద్దు. హీటర్ గాజు పగిలినా ఇదే మాట.) లోపలి అయస్కాంతం ఉబ్బి, తొడుగు చిట్లి, గోధుమరంగు పొడి రాలుతోంది. నియోడిమియం అయస్కాంతాలకు సాధారణంగా నికెల్, రాగి, మళ్లీ నికెల్ పూతలు వేస్తారు. పై తొడుగు పగిలితే ఉప్పునీరు ఆ పూతల్ని తినేస్తుంది.

చిత్తూరులో ఉండే మా పిన్ని కొడుక్కీ ఇదే పిచ్చి. ఫోన్ చేస్తే, "మొత్తం పారబోసి మళ్లీ మొదలుపెట్టన్నా" అన్నాడు. ట్యాంకు సామాన్లమ్మే అతనేమో, "కార్బన్ వేస్తే చాలు సార్" అన్నాడు.

నా ఓటు మొదటిరోజు వరకు నీళ్ల మార్పుకే. సగం తీసి సగం కొత్తవి పోస్తే విషం సగానికి దిగుతుంది. మూడుసార్లు అలా చేస్తే ఎనిమిదో వంతే మిగులుతుంది. అదే రోజుకు పదోవంతు చొప్పున పది రోజులు మార్చినా మూడో వంతుకు పైగా లోపలే ఉండిపోతుంది. మామూలు రోజుల్లో కొద్దికొద్దిగా మార్చడం మంచి అలవాటే కానీ, ఇలాంటప్పుడు అది చాలదు.

చిక్కల్లా ఒక్కసారిగా అన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయన్నదే. 95 లీటర్లకు మెరైన్ ఉప్పు మూడున్నర కిలోల దాకా పడుతుంది. ఇంట్లో ఆర్‌ఓ ఉంది కదా అనుకుంటాం. ఈమధ్య చాలా ఆర్‌ఓ మిషన్లలో రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉంటోంది. రాగిని వదిలించుకోవడానికి రాగి నీళ్లే పోసినట్టవుతుంది! నేను 20 లీటర్ల క్యాన్లు ఐదు తెప్పించి, టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగి ఉన్నవెంతో చూపేది) పెట్టి చూసి, ఉప్పు కలిపి, పాత పంపుతో రాత్రంతా తిప్పాను. ట్యాంకులో ఎంత వేడి ఉందో, ఎంత ఉప్పు ఉందో, కొత్త నీళ్లలోనూ అంతే ఉండేలా చూసుకుని పోశాను.

మా జిల్లాకు సముద్రం ఉంది కదా, తూపిలిపాలెం వెళ్లి క్యాన్లతో పట్టుకొస్తే పోలా అని నాకూ అనిపించింది. కానీ ఒడ్డు నీళ్లు ఏ రోజుకారోజు వేరు. వానలప్పుడు స్వర్ణముఖి నది మోసుకొచ్చే బురదా మంచినీళ్లూ ఆ చుట్టుపక్కలే కలుస్తాయి. పులికాట్ నీళ్లయితే అసలు వద్దు. అది ఉప్పుటేరు లాంటిది, ఉప్పు నిలకడగా ఉండదు. అసలే విషంతో సతమతమవుతున్న ట్యాంకులో తెలియని నీళ్లు పొయ్యడం నాకు నచ్చలేదు.

ఇక కార్బన్. రంగు, వాసన, మందుల అవశేషాలు, పగడాలు వదిలే విషాలకు అది బాగా పనికొస్తుంది. రాగి విషయంలో దాన్నే నమ్ముకోకూడదు. అమ్మోనియా దగ్గర ఎందుకూ కొరగాదు. లోహాల్ని పట్టే మీడియా, అంటే ఫిల్టర్‌లో వేసే సరుకు, వేరే ఉంది. సీకెమ్ కంపెనీ వాళ్ల క్యూప్రిసార్బ్ రాగి కోసమే. పాలీఫిల్టర్ ప్యాడ్ అయితే రాగి పడితే నీలంగా, ఇనుము పడితే నారింజరంగుకు తిరుగుతుంది. నా ప్యాడ్ అంచులు నాలుగు రోజుల్లో నారింజకు తిరిగి, మధ్యలో లేత నీలం కనిపించింది. టెస్ట్ కిట్ మాత్రం అప్పటికీ సున్నానే చూపిస్తోంది. రొయ్యను చంపేంత కొద్ది రాగి చాలా కిట్లకు అందదు.

మీడియా అవసరం మొదటిరోజు తర్వాతే బాగా తెలుస్తుంది. ట్యాంకులోని సున్నపు రాళ్లూ ఇసుకా రాగిని పీల్చుకుని, తర్వాత మెల్లమెల్లగా వదులుతాయి. నీళ్లెన్ని మార్చినా రాయిలో దాగింది అక్కడే ఉంటుంది. అందుకే ప్యాడ్‌ను వారాల తరబడి సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టిలో) ఉంచి, నీటి దారికి అడ్డంగా పెట్టి, రంగు ముదిరినప్పుడల్లా మార్చాలి. ఖర్చు తక్కువేం కాదు.

మొత్తం పారబోయడం నాకు అతి అనిపించింది. రాళ్లలో నెలలుగా పెరిగిన బ్యాక్టీరియా పోతే, బతికున్న చేపలకు అమ్మోనియా గండం మనమే తెచ్చినట్టు. ఎప్పుడో అదే ట్యాంకులో చేపల జబ్బుకు రాగి మందు వాడి, రాళ్లన్నీ దాన్ని పీల్చుకుని ఉంటే, అప్పుడు రాళ్లూ ఇసుకా పారేయడంలో అర్థముంది. తమ్ముడికి అదే చెప్పాను, ఒప్పుకోలేదు.

ఆ వారంలో మూడుసార్లు సగం సగం మార్చాను. ప్యాడ్‌లు రెండు అయ్యాయి, మూడోది రంగు తిరగలేదు. ఆరు వారాలాగి ఒకే ఒక్క నత్తను తెచ్చి వేశాను. మూడు రోజులు అద్దమంతా పాకింది. నాలుగో రోజు ఇంకో రెండు తెచ్చాను. రొయ్యను మాత్రం ఇంకా కొనలేదు.