డెలిగేటా, ఇంటర్‌ఫేసా: సీ షార్ప్‌లో ఏది మేలు?

టీమ్‌లోకి కొత్తగా వచ్చే జూనియర్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. సీ షార్ప్ ఒక ప్రోగ్రామింగ్ భాష. అందులో డెలిగేట్ అంటే ఒక మెథడ్‌ని (ఒక పని చేసే కోడ్ ముక్కని) పట్టుకుని వేరే చోటికి పంపే టైపు; ఇంటర్‌ఫేస్ అంటే ఒక క్లాసులో ఏ పేర్లతో ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం. "ఒక్క మెథడ్ అయితే డెలిగేట్, ఎక్కువైతే ఇంటర్‌ఫేస్" అని చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఈ మధ్య నా కోడే నాకు దెబ్బ కొట్టాక, ఆ జవాబు వెనక కారణమేంటో సరిగ్గా అర్థమైంది.

ఒక పేమెంట్ క్లాస్ రాశాను. దాని కన్‌స్ట్రక్టర్‌కి (ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే మెథడ్‌కి) ఇచ్చేవాటిలో రెండు డెలిగేట్లు ముఖ్యం: ఒకటి కస్టమర్ దగ్గర డబ్బు తీసుకునే ఛార్జ్, రెండోది వెనక్కిచ్చే రీఫండ్. రెండూ ఆర్డర్ నంబరు, సొమ్ము తీసుకుని, పని అయిందో లేదో చెబుతాయి. అంటే రెండూ ఒకే రకం ఫంక్ (జవాబు తిరిగిచ్చే రెడీమేడ్ డెలిగేట్). టెస్టింగ్‌లో 499 రూపాయల ఆర్డర్ పెడితే, కస్టమర్ ఖాతాలో 499 తగ్గాల్సింది పోయి పెరిగింది! ఆబ్జెక్ట్ తయారుచేసే లైనులో మెథడ్లు అటూ ఇటూ అయ్యాయి. కోడ్‌లో తప్పులు పట్టే కంపైలర్ కిక్కురుమనలేదు. దాని తప్పేం లేదు. డెలిగేట్‌కి కావాల్సింది పారామీటర్లు (మెథడ్ తీసుకునేవి), రిటర్న్ టైపు (అది తిరిగిచ్చేది) సరిపోవడమే. మెథడ్ పేరుతో దానికి పనిలేదు.

వేర్వేరు డెలిగేట్ టైపులు పెట్టుకోవచ్చుగా అంటారు. కొంతవరకే లాభం. ఛార్జ్ టైపు వేరియబుల్‌ని రీఫండ్ అడిగిన చోట ఇస్తే ఎర్రర్ వస్తుంది, నిజమే. కానీ మనం చాలాసార్లు ఇచ్చేది వేరియబుల్ కాదు, నేరుగా మెథడ్ పేరు. పారామీటర్లు కుదిరితే అది రెండు టైపుల్లోనూ ఒదిగిపోతుంది. ఇంటర్‌ఫేస్ అలా కాదు, పేరుతో సహా కుదరాలి. ఛార్జ్ పిలిస్తే ఛార్జే వస్తుంది. నా దృష్టిలో తేల్చేది ఈ ఒక్క విషయమే.

అలాగని అన్నిటికీ ఇంటర్‌ఫేస్ రాసేవాణ్ణి కాను. నిజం చెప్పాలంటే నా మొగ్గు డెలిగేట్ వైపే. లిస్ట్‌ని సార్ట్ చేయడానికి డాట్‌నెట్‌లో కంపారిజన్ డెలిగేటూ ఉంది, ఐకంపేరర్ ఇంటర్‌ఫేసూ ఉంది. 2007లో సీ షార్ప్ 3.0తో లామ్డాలు (పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే మెథడ్లు) వచ్చాక, ధర ప్రకారం సర్దడానికి ఎవరైనా కొత్త క్లాసు రాస్తున్నారంటే నాకు ఆశ్చర్యమే. పైగా ధరకొకటి, తేదీకొకటి, పేరుకొకటి అని ఒకే క్లాసులో మూడు మెథడ్లు రాసుకుని ఏది కావాలంటే అది పంపొచ్చు. అవి ప్రైవేట్ అయినా ఇబ్బంది లేదు. ఇంటర్‌ఫేస్‌తో మూడు క్లాసులు కావాలి.

ఒక్క జాగ్రత్త: ఈవెంట్‌కి (ఏదైనా జరగ్గానే తగిలించిన మెథడ్లని పిలిచే ఏర్పాటుకి) లామ్డా తగిలించి, తీసేటప్పుడు అదే లామ్డాని మళ్లీ టైప్ చేస్తే ఊడదు. ముందే వేరియబుల్‌లో పెట్టుకోండి.

అబ్‌స్ట్రాక్ట్ క్లాస్ (కొంత కోడ్ తనే ఇచ్చి మిగతాది వేరే క్లాసులకి వదిలేసేది) అంటారా, పంచుకునే కోడ్ ఉంటేనే. రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా మెథడ్‌ని వెతికే పద్ధతితో) పేరు స్ట్రింగ్‌గా రాసి పిలవడం ప్లగిన్ల లాంటి వాటికి సరే, మామూలు కోడ్‌లో వద్దు.

నా పేమెంట్ క్లాస్‌ని ఇంటర్‌ఫేస్‌కి మార్చేశాను. పేమెంట్ పూర్తయ్యాక రసీదు పంపే యాక్షన్ (ఏమీ తిరిగివ్వని డెలిగేట్) ఒకటుంది, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. కన్‌స్ట్రక్టర్‌లో అలాంటిది ఇంకోటి లేదు కదా, తారుమారయ్యే భయం లేదు.