లిబ్రేఆఫీస్ కాల్క్: చుక్కల్లో వంపును పట్టించే పనిముట్టు

డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెప్పేటప్పుడు, రెండు చలరాశుల సంబంధం సరళరేఖలో సాగుతోందా, వంపు తిరుగుతోందా అని చూపడానికి ఉచితంగా దొరికే స్ప్రెడ్‌షీట్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ కాల్క్ నాకు ఎంతగానో అక్కరకు వచ్చింది.

పరీక్షించడానికి గణాంకశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లో ప్రచురించిన నాలుగు దత్తాంశాలను తీసుకున్నాను. ఒక్కొక్కదానిలో 11 బిందువులున్నాయి. నాలుగింటికీ సహసంబంధ గుణకం (రెండు చలరాశులు సరళరేఖకు ఎంత దగ్గరగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె) దాదాపు 0.816 కాబట్టి, అంకెలు మాత్రమే చూసినవారు అన్నీ ఒకే తీరువని నమ్మేస్తారు. రెండోదాన్ని స్కాటర్ ప్లాట్‌గా, అంటే చుక్కల చార్టుగా గీయగానే మాత్రం, బిందువులు వై విలువ 3.10 నుంచి పైకెక్కి, ఎక్స్ విలువ 11 దగ్గర 9.26ను తాకి, 14 దగ్గర 8.10కి దిగివచ్చి, వంచిన విల్లులా కనిపిస్తాయి. ఈ బిందువులకు ట్రెండ్ లైన్ (వాటి పోకడను చూపే గీత) చేర్చి, ఆ గీత బిందువులకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే ఆర్ స్క్వేర్‌ను చూపమంటే, సరళరేఖకు 0.67 దగ్గర ఆగిన విలువ, రెండో ఘాతపు బహుపదిని (ఒక వంపు ఉన్న గీతను) ఎంచుకోగానే దాదాపు 1కి చేరుతుంది. తరగతిలో ఈ మార్పును చూసిన పిల్లల ముఖాలు వెలిగిపోతాయి.

అయితే మూడోదానికీ సరళరేఖతో అదే 0.67 వస్తుంది. అక్కడ వంపు లేదు, దారి తప్పిన ఒక్క బిందువే కారణం. అందుకే చార్టును కళ్లారా చూడాలని నేను పట్టుబడతాను.

కాల్క్‌లో బిందువులకు గీతను అమర్చే రిగ్రెషన్ సాధనంలో అవశేషాలను (ప్రతి బిందువూ గీత నుంచి ఎంత పైకి, కిందికి ఉందో చెప్పే తేడాలను) లెక్కించమని అడగవచ్చు కానీ, వాటికి చార్టును విడిగా గీసుకోవాలి. ఆ శ్రమ వృథా కాదు: రెండో దత్తాంశంలో అవి మొదట రుణాత్మకంగా, నడుమ ధనాత్మకంగా, చివర మళ్లీ రుణాత్మకంగా వరుసకడతాయి.