డార్మ్ గదా, మనవాళ్ల ఇల్లా? జర్మనీలో ఏది మేలు?

జర్మనీలో అడ్మిషన్ వచ్చిందని ఫోన్ చేసే తమ్ముళ్లు రెండో మాటగా అడిగేది, "ఎక్కడుంటే మంచిదన్నా?" అనే. మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్ చేసిన రోజుల్లో నేను రెండు చోట్లా ఉన్నాను. మొదట ముగ్గురు తెలుగువాళ్లతో కలిసి అద్దె ఇంట్లో, ఆ తర్వాత స్టూడెంటెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి లాంటివి చూసే సంస్థ) వాళ్ల డార్మ్‌లో, అంటే హాస్టల్లో, ఒంటి గదిలో.

అద్దె ఒక్కటే చూసి తేల్చేయకండి. ఇప్పటి లెక్కన బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు వేస్తే నెలకు చేతికొచ్చేది 992. డార్మ్ అద్దెలో మామూలుగా కరెంటు, హీటర్, ఇంటర్నెట్ అన్నీ కలిసే ఉంటాయి. ఇంట్లో అద్దె తక్కువగానే కనిపిస్తుంది కానీ, చలికి హీటర్ ఎడాపెడా తిప్పితే నెలనెలా కట్టినదానికీ వాడినదానికీ తేడా కట్టమని ఆ తర్వాతెప్పుడో ఉత్తరం వస్తుంది. మాకూ వచ్చింది. ఎవరు ఎక్కువ వాడారన్న పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. రేడియో, టీవీ ప్రసారాలకని అందరూ కట్టాల్సిన రేడియో ఫీజు మాత్రం ఇంటికి ఒక్కటే, నెలకు 18.36 యూరోలు. నలుగురం పంచుకుంటే మనిషికి అయిదు యూరోలు కూడా పడదు. డార్మ్‌లో ఒంటి గది అయితే టీవీ ఉన్నా లేకున్నా మొత్తం మీ నెత్తినే.

తిండి దగ్గర మనవాళ్ల ఇంటికి సాటి లేదు. వంట వంతులవారీగా చేసుకుంటాం కాబట్టి నాలుగు రోజులకోసారి గరిటె పడితే చాలు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, ఆదివారం షాపులన్నీ మూసేస్తారు. అలాంటి రోజున కుక్కర్ కూత వినబడితే ప్రాణం లేచొస్తుంది. డార్మ్‌లో నేను మొదటిసారి పోపు పెట్టినప్పుడు అలారం మోగి అంతస్తంతా కిందికి దిగింది. మంచులో చెప్పుల్లేకుండా నిలబడ్డ ఒకమ్మాయి చూసిన చూపు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి కిటికీ తెరిచాకే ఆవాలు వేసేవాణ్ణి.

ఇక అసలు చిక్కు ఆన్‌మెల్డుంగ్. ఇంట్లో దిగిన రెండు వారాల్లో సిటీ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించాలి, దానికి ఇల్లిచ్చినవాళ్ల సంతకం కావాలి. డార్మ్‌లో ఆ కాగితం అడగ్గానే ఇస్తారు. మనవాళ్ల ఇంట్లో "ముందు వచ్చెయ్ రా, తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత చూస్తే, ఓనర్ ఒప్పుకున్నది ముగ్గురికే అయ్యుంటుంది. నాలుగోవాడికి నమోదు లేదు, అది లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ పనీ ముందుకు కదలదు. డిపాజిట్ కూడా ఖాళీ చేసేవాడికి కొత్తగా వచ్చేవాడు ఇస్తూ చేతులు మారుతుంది. చివరికి గోడ పాడైందని ఓనర్ డబ్బు కోస్తే, ఆ రోజు ఇంట్లో ఉన్నవాడు బలి. పేరు కాగితం మీద లేని ఇంట్లో, ఎంత దగ్గరివాళ్లున్నా, దిగకండి.

జర్మన్ సంగతి చెప్పాలంటే నాకు కొంచెం సిగ్గే. రెండు సెమిస్టర్లు మన ఇంట్లో ఉండి నేను నేర్చుకున్నది "హలో", "చ్యూస్" (అంటే బై) మాత్రమే. డార్మ్ కిచెన్‌లో చెత్త ఏ డబ్బాలో వేయాలో పక్కగది కుర్రాడితో వాదించి నేర్చుకున్న జర్మనే తర్వాత వెర్క్‌స్టూడెంట్ (చదువుకుంటూ చేసే పార్ట్‌టైం ఉద్యోగం) ఇంటర్వ్యూలో నోటికొచ్చింది.

అందుకని నన్నడిగితే మొదటి చలికాలం మనవాళ్లతో, ఆ తర్వాత డార్మ్. ఎలాగూ డార్మ్ వెయిటింగ్ లిస్టు అంత తొందరగా కదలదు, నా వంతు రెండు సెమిస్టర్లకు వచ్చింది. అప్లికేషన్ మాత్రం అడ్మిషన్ వచ్చిన రోజే, ఇంకా మన దేశంలో ఉండగానే పెట్టేయండి. డార్మ్‌కి మారాక కూడా ఆదివారం పప్పుచారుకి నేను పాత ఇంటికే వెళ్లేవాణ్ణి. అద్దె కట్టడం లేదు కాబట్టి అంట్లు తోమే వంతు ప్రతిసారీ నాదే.